జవాబు గంట

గోదావరిఖని,
15 జూన్ 2025

కొమురెల్లి కాకకు,

నువ్వు పుణె వెళ్లి నేటికి నలభై రోజులు. సంపత్ అన్న ఫోనుకు మెసేజ్ పెడితే నీకు చూపిస్తాడని తెలుసు. కానీ నీకు చెప్పుకునేవి ముందు కొడుకు చదివి, తర్వాత కోడలు చదివి, ఆఖరున నీ దాకా రావడం నాకు ఇష్టం లేదు. నీ చిన్న ఫోనులో తెలుగు అక్షరాల చోట డబ్బాలు పడతాయి. ఫోన్ చేస్తే నీకు వినపడదు. అందుకని పోస్టాఫీసుకు వెళ్లి కవర్లు అడిగాను. "ఏం పరీక్షకమ్మా అప్లికేషను?" అన్నాడు అక్కడి క్లర్కు. మా కాకకు ఉత్తరం అంటే, కళ్లద్దాలు నుదుటికెక్కించి నన్ను ఒకసారి తేరిపార చూశాడు.

క్వార్టరు నువ్వు వదిలినట్టే ఉంది. మేకుకు నీ తువ్వాల వేలాడుతోంది, తీయలేదు. అన్నం దిగాక చెయ్యి దానంతటదే స్విచ్చు మీదికి పోతుంది. నీ చెవులు పూర్తిగా పోయిన ఏడాది చిన్నమ్మ మొదలుపెట్టిన పద్ధతి కదా. వంటింట్లోంచి మూడుసార్లు స్విచ్చు వేస్తే ముందుగదిలో బల్బు మూడుసార్లు వెలిగేది. నువ్వు గ్లాసుతో నేల మీద మూడుసార్లు తట్టి లేచేవాడివి. చిన్నమ్మ పోయాక ఆ పని నాది. ఇప్పుడూ స్విచ్చు వేస్తాను, బల్బు వెలుగుతుంది. గ్లాసు చప్పుడు రాదు. ఒక్కదానికే వండానన్న సంగతి అప్పుడు గుర్తొస్తుంది.

నా ఉద్యోగం ఏమిటని వెళ్లేముందు రెండుసార్లు అడిగావు, సరిగ్గా చెప్పలేదు. నువ్వు ముప్పై ఏళ్లు ఇంజను దగ్గర కూర్చుని మనుషుల్ని కేజులో దింపి పైకి తెచ్చావే, ఆ బొగ్గు బాయిలోనే. అడుగున నీళ్లు చేరే గుంత పక్కన ఒక చిన్న కంప్యూటర్ పెట్టారు. పైన ఆఫీసులో నా కంప్యూటరు. అందులో ఆక్టేవ్ అని ఒక లెక్కల సాఫ్ట్‌వేర్ ఉంది. వెయ్యి అంకెల వరుసనైనా ఒక్క దెబ్బకు కూడుతుంది, గుణిస్తుంది. ఇంకో యంత్రాన్ని పలకరించమంటే మాత్రం దానికి నోరు లేదు. అందుకని జీరోఎంక్యూ అనే సందేశాల లైబ్రరీని తగిలించాం. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు, ఎవరో ముందే చేసిపెట్టిన పనిముట్ల పెట్టె. పైనుంచి "నీళ్లెంత?" అని అడుగుతాను. కిందనుంచి జవాబొస్తుంది.

ఆ జవాబు కూడా మాటలా రాదు. మొదటిరోజు 49 46 56 అని వచ్చింది. "నలభై తొమ్మిది మీటర్లా!" అని మా ఇంజనీరు జైపాల్ సార్ కుర్చీలోంచి లేచాడు. అవి అక్షరాలకు పెట్టిన అంకెలు. 49 అంటే ఒకటి, 46 అంటే చుక్క, 56 అంటే ఎనిమిది. మొత్తం 1.8 మీటర్లు. అంకెల్ని మళ్లీ అక్షరాలుగా మార్చుకుంటేనే అర్థం. సార్ కూర్చుని మంచినీళ్లు తాగాడు.

ఈ లైబ్రరీలో నేను వాడే రకానికి ఒక మొండితనం ఉంది. ఒకసారి అడిగాక, జవాబు వచ్చేదాకా రెండోసారి అడగనివ్వదు. కేజు దగ్గర నువ్వు కొట్టిన గంటల లెక్కే అనుకుని నవ్వుకున్నాను.

కాలనీ ఖాళీ చేయాలని గోడలకు నోటీసులు అంటించారు. ఓపెన్‌కాస్టు గని ఇటు జరుగుతోంది. గడువు ఇంకా వేయలేదు. పక్కింటి షహజాదీ చాచీ నీకు సలాం చెప్పమంది. వాళ్ల ఉజైర్ ఇప్పుడు మా బాయిలోనే పంపు నడుపుతున్నాడు.

అక్కడ నీకు తోస్తోందా? రోజంతా ఏం చేస్తావో రాయి.

స్విచ్చు పక్కనుంచి,
తిరుమల

*

పుణె,
26 జూన్ 2025

బిడ్డా తిరుమలా,

నీ కవరు అందింది. వాచ్‌మెన్ తెచ్చి నా చేతికిచ్చిండు. ఇంత పెద్ద బిల్డింగుల ఉత్తరం వచ్చింది నా ఒక్కనికే అట. రమ కాగితం మీద "ఏం రాసింది మామయ్యా" అని రాసి అడిగింది. మంచిగున్నదట అని చెప్పి కవరు జేబుల పెట్టుకున్న.

తోస్తున్నదా అని అడిగినవు. పదకొండో అంతస్తు. సంపత్, రమ ఎనిమిదిన్నరకు డ్యూటీకి పోతరు. తలుపు పడ్డ చప్పుడు నాకు తెల్వది, చెప్పులు లేకపోతె పోయిన్రని తెలుసుకుంట. ఇక్కడ లిఫ్టు మన కేజు లెక్కనే ఉన్నది, గని గంట లేదు. ఎవలు ఎక్కిన్రు, ఎవలు దిగిన్రు, అడిగేటోడు లేడు. ఒకనాడు ఊకెనే కిందికి మీదికి ఆరుసార్లు తిరిగిన. వాచ్‌మెన్ సంపత్‌కు చెప్పిండు. "బాపూ, అది ఆట కాదు" అని రాసి చూపిచ్చిండు సంపత్. కొడుకు మంచోడే, తప్పు పడుతలేను. అలిసి వస్తడు. కాగితం మీద రెండే రాస్తడు, తిన్నవా, గోలీలు వేసుకున్నవా. నేను తల ఊపుత. అయిపాయె ఆ దినం.

నీ కంప్యూటర్ సంగతి రెండుసార్లు చదివిన. అది మొండితనం కాదు బిడ్డా, పద్ధతి. కింద మూడు గంటలు కొడితె మనుషులు ఎక్కుతున్నరని. నేను మీదినుంచి తిరిగి మూడు కొడితెనే వాళ్లు ఎక్కాలె. రెండు వస్తె ఎక్కొద్దు. ఏదీ రాకపోతె నిలబడాలె. కొత్తగ వచ్చినోడొకడు మూడు కొట్టి, ఆగలేక, వద్దు ఆపుమని ఇంకొకటి కొట్టిండు. నేను వాని మొదటి గంటకు జవాబు కొట్టిన. వాడు రెండోదానికనుకున్నడు. వాడు ఆగుమంటున్నడు, నేను ఎక్కుమంటున్న. ఆ దినం ఎవలకు దెబ్బ తాకలే. గని ఇంటికొచ్చి నేను అన్నం ముట్టలే. మీ చిన్నమ్మ మూడుసార్లు అడిగింది ఏమైందని.

అందుకే ఒక గంట, ఒక జవాబు. నువ్వు రాసినంకనే నేను రాస్త. అట్లయితె లెక్క తప్పది. నిదానంగ రాయి, కాని రాయి.

ఉంట,
కొమురెల్లి

*

పుణె,
11 జూలై 2025

బిడ్డా,

నీ జవాబు రాకముందే రాస్తున్న. డ్యూటీల ఉన్నన్నేండ్లు గిట్ల ఒక్కసారి చెయ్యలే. మొన్ననే నీతులు చెప్పి ఇయ్యాల నేనే తప్పుతున్న. నవ్వుకో.

ఒక్క మాట అడగాలె. నేను వచ్చి నీ దగ్గర ఉండొచ్చునా?

సంపత్‌కు ఇంక చెప్పలే. ముందు నిన్నే అడుగుతున్న. వయసు పిల్లవు, నీకొక ఉద్యోగం, చెవిటోన్ని ఇంట్ల పెట్టుకుంటె నీకు బరువైతనేమోనని పదిరోజుల సంది ఆలోచన చేస్తున్న. నాకు పెద్ద సేవ అక్కర్లే. బియ్యం ఏరుత, నీళ్లు పడ్త, నువ్వొచ్చేసరికి పొయ్యి మీద ఎసరు పెడ్త. స్విచ్చు నువ్వు వేస్తివంటె చాలు.

ఇంకొకటి. క్వార్టరు కూలగొట్టకముందే ఒకసారి చూడాలె. వంటింటి దర్వాజ చౌకట్టు మీద మీ చిన్నమ్మ నీ ఎత్తు గీసింది, రెండో తరగతి నుంచి ఏడు దాక. మీ బాపు పోయి నువ్వు మా ఇంటికి వచ్చిన దినం గీసిన గీత అన్నిట్ల కింద ఉన్నది. ఆ చౌకట్టు దాస్తవా, లేకుంటె నేను వచ్చేదాక ఎవలనన్న ఆపుమంటవా.

ఉండొచ్చంటె ఉండొచ్చు అని రాయి. కుదరదంటె కుదరదని రాయి, నాకు కోపం రాది. మల్లొకసారి మాత్రం అడుగ.

కాక

*

మార్కెట్ వెనక వీధి, గోదావరిఖని,
12 జూలై 2025

కాకా,

జూన్ ఇరవై ఆరున రాసిన నీ ఉత్తరానికి ఇది జవాబు. ఆలస్యమైంది, తిట్టుకోకు. ఉన్నపళంగా గడువు వేశారు, నిన్ననే క్వార్టరు ఖాళీ చేశాను. ఇకమీదట పైనున్న కొత్త అడ్రసుకు రాయి.

సామాను ట్రాలీ ఆటోలో పెట్టించేటప్పుడు షహజాదీ చాచీ గుమ్మంలో నిలబడి ఏడుపు ఆపుకోవడానికి నన్ను తిట్టింది. "కప్పులు గట్లనా కట్టేది? పగుల్తయ్. చదువుకున్నవు, ఏం లాభం?" వాళ్లు వచ్చే నెల యైటింక్లైన్ కాలనీ వైపు పోతారట. ప్రతి ఆదివారం వస్తానని మాటిచ్చాను.

గది గురించి చెప్తాను. మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. పక్కకు తిరిగి లోపలికి రావాలి. ఎవరైనా వస్తే కూర్చోబెట్టే చోటు లేదు. పొద్దున ఏడింటికి పోతే ఆరున్నరకు వస్తాను, అప్పటికి ఎవరున్నా వాళ్లతో మాట్లాడే ఓపిక ఉండదు. బొగ్గు దుమ్ము కిటికీ రెక్క మీద పొద్దున తుడిస్తే సాయంత్రానికి వేలితో పేరు రాసుకునేంత. నువ్వు సంపత్ అన్న దగ్గరికి పోవడమే మంచిదైంది. ఇక్కడ ఈ ఇరుకులో నువ్వు ఉండలేవు. క్వార్టరు సంగతి మనసులో పెట్టుకోకు, పోయేది పోతుంది.

నీ లిఫ్టు కథ జైపాల్ సార్‌కు చెప్పాను. నవ్వలేదు. "మా నాన్న కూడా అంతే" అని కంప్యూటర్ వైపు తిరిగాడు.

ఒక గంట, ఒక జవాబు. ఒప్పుకున్నాను. ఇప్పుడు వంతు నీది.

ఇరుకు గదిలోంచి,
తిరుమల

*

పుణె,
22 జూలై 2025

తిరుమలకు,

నీ జవాబు అందింది. కొత్త అడ్రసు రాసుకున్న.

నువ్వు చెప్పింది నిజమే. నేను ముందుగాల ఆలోచన చెయ్యలే. సంపత్‌కు చెప్పిన, ఇక్కడనే ఉంట, ఇంక యాడికీ పోను అని. వాడు సంబురపడ్డడు. నా గదిల కొత్త పరుపు వేయిస్తున్నడు.

నువ్వు మంచిగ తిను. నా గురించి ఫికర్ పెట్టుకోకు.

కొమురెల్లి

*

గోదావరిఖని,
5 ఆగస్టు 2025

కాకా,

నీ ఉత్తరం చేరింది. ఎనిమిది వరుసలు. లెక్కపెట్టాను.

ఇక ఎక్కడికీ పోనని అన్నతో చెప్పావట, మంచి మాట. కొత్త పరుపు నడుముకు సుఖంగా ఉందా?

మా దగ్గర వానలు. పోయిన వారం పిడుగు పడి కింద కరెంటు రెండు నిమిషాలు పోయింది. సరిగ్గా అప్పుడే నేను అడిగిన ప్రశ్న దారిలో ఎక్కడో పోయింది. నా కంప్యూటరు జవాబు కోసం చూస్తూ కూర్చుంది. కిందిది ప్రశ్న కోసం చూస్తూ కూర్చుంది. రెండూ బాగానే ఉన్నాయి, దేనికీ దెబ్బ లేదు. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఒక్క అంకె రాలేదు. జైపాల్ సార్ వచ్చి "చచ్చిందా?" అన్నాడు. లేదు సార్, ఎదురుచూస్తోంది అన్నాను.

అందుకని రకం మార్చాను. ఇదే లైబ్రరీలో ఇంకొకటి ఉంది, దానికి ఆ మొండితనం లేదు. జవాబు రాకపోయినా మళ్లీ అడగనిస్తుంది. అయిదు సెకన్లు చూస్తాను, రాకపోతే వదిలేసి పది నిమిషాలకు ఇంకోసారి అడుగుతాను. నీకు నచ్చదని తెలుసు. కానీ ఎంతసేపని చూడాలి?

నిన్న మన వరుస పడగొట్టారు. ఆఫీసు మేడ మీదినుంచి దుమ్ము కనిపించింది. నేను పోలేదు. పోయి ఏం చేయాలి?

పంపుల ఆఫీసు నుంచి,
తిరుమల

*

పుణె,
1 సెప్టెంబర్ 2025

తిరుమలకు,

క్వార్టరు పోయిందని రాసినవు. సరే. చౌకట్టు సంగతి అడిగిన గద, దానికి నువ్వేం రాయలే. పోనీ. ఇప్పుడు అడిగి లాభం లేదు.

ఇక్కడ గూడ వానలే.

కొమురెల్లి

*

గోదావరిఖని,
12 అక్టోబర్ 2025

ఉత్తరం నంబరు: 1

కాకా,

పైన నంబరు ఎందుకు వేశానో చెప్తాను, ఓపికగా చదువు.

నీ కార్డు వచ్చి అయిదు వారాలైంది. జవాబు రాయలేదు. కోపమొచ్చి రాయలేదు. ఇప్పటిదాకా నీకు చెప్పని మాట ఒకటి ఉంది. ఇక్కడ నువ్వు ఉండలేవని నేను రాసింది, నీకు బెంగ కలగకూడదని. నువ్వు "ఉండగలను, వస్తాను" అని రాస్తావని చూశాను. నువ్వేమో నిజమేనని ఒప్పుకుని కొత్త పరుపు వేయించుకున్నావు. సరే, కాకకు నా మీదికంటే పరుపు మీద మనసయిందనుకున్నాను. బతుకమ్మ తొమ్మిది రోజులూ గది తలుపు తీయలేదు. వీధిలో పాట వినపడుతుంటే ఆక్టేవ్‌లో పాత అంకెలకు గీతలు గీస్తూ కూర్చున్నాను.

మొన్న గురువారం మధ్యాహ్నం కిందనుంచి ఉజైర్ ఫోన్ చేశాడు.

"తిరుమలక్కా, నీ తెర మీద నీళ్లెంత చూపిస్తున్నది?"

"1.8."

"నా గంబూట్లల్లకు వచ్చినయ్. నీ 1.8 ఏ దినం సంగతి? నువ్వొచ్చి ఈత కొడుతవా, పంపు ఇంకొకటి వేయమంటవా?"

వేయమన్నాను. ఎవరికీ ఏమీ కాలేదు. రెండు రోజులు కూర్చుని వెతికితే దొరికింది. తప్పు లైబ్రరీది కాదు, నాది.

కింది కంప్యూటరు ఒక్కోసారి నెమ్మదిస్తుంది. నేను అయిదు సెకన్లు చూసి, జవాబు లేదని వదిలేసి, పది నిమిషాలకు రెండో ప్రశ్న వేస్తాను. ఈలోపు మొదటి ప్రశ్నకు జవాబు తీరిగ్గా వచ్చి గుమ్మంలో కూర్చుని ఉంటుంది. నేను దాన్నే రెండోదాని జవాబనుకుని తీసుకుంటాను. రెండోదాని జవాబును మూడోదానికి తీసుకుంటాను. ఇక అక్కడినుంచి అన్నీ ఒకటి వెనక. నెల తిరిగేసరికి నాలుగు జవాబులు వెనకబడ్డాను. కిందివాడు ఒక్క అబద్ధం చెప్పలేదు కాకా. ప్రతి జవాబూ నిజమే. అవి నేను అడిగిన ప్రశ్నకు కావు, అంతే.

నువ్వు జూన్‌లోనే రాశావు, ఆగలేక రెండో గంట కొట్టినవాడి కథ. చదివి మడతపెట్టి పక్కన పెట్టాను.

ఇప్పుడు ప్రతి ప్రశ్నకూ నంబరు వేస్తున్నాను. జవాబు అదే నంబరుతో తిరిగి రావాలి. వేరే నంబరు వస్తే దాన్ని పారేస్తాను. ఆ పని ముగించి నిన్న సాయంత్రం గదికి వచ్చాక, నీ కార్డు గుర్తొచ్చింది. "చౌకట్టు సంగతి అడిగిన గద." ఎప్పుడు అడిగావు? నీ ఉత్తరాలన్నీ మంచం మీద తారీఖుల వారీగా పరిచాను. మూడే ఉన్నాయి. జూలై ఇరవై రెండున "నీ జవాబు అందింది, నువ్వు చెప్పింది నిజమే" అని రాశావు. మనిషి ఊసుపోక రాసిన కబుర్లకు అలా రాయడు. ఏదో అడిగినవాడు రాసే రాత అది. నువ్వు అడిగింది నా దగ్గర లేదు.

ఇవాళ ఆదివారం. యైటింక్లైన్ ఆటో ఎక్కి షహజాదీ చాచీ ఇంటికి పోయాను. మూడు నెలల్లో మొదటిసారి. చాచీ తలుపు తీసి లోపలికి రమ్మనలేదు ముందు.

"ఆదివారం ఆదివారం వస్తనంటివి బేటీ. నేను చాయ్ గిన్నె పెట్టి చూస్తి. గిప్పుడు యాదికొచ్చిన్నా?"

"తప్పయింది చాచీ."

"కొత్త ఇల్లు తెల్వదా? ఉజైర్ నంబరు లేదా?"

చాచీ లోపలికి పోయి గ్యాస్ బుక్కు తెచ్చింది. దాని అట్ట లోపల మడత పడకుండా నీ కవరు. పాత క్వార్టరు నంబరు మీద నీ రాత. "నువ్వు పోయిన వారానికి వచ్చింది. పోస్టుమ్యాన్ తాళం చూసి నాకిచ్చిండు. నువ్వు వస్తనంటివి గద, వచ్చినప్పుడు చేతికిస్తనని పెట్టిన. ఉజైర్‌కు ఇస్తె బాయిల పారేస్తడు."

పదకొండో తారీఖున నువ్వు రాశావు. పన్నెండున నేను రాశాను. ఒకదాన్నొకటి దాటుకుని పోయాయి. నేను జవాబిచ్చింది నీ జూన్ ఉత్తరానికి. నువ్వు తీసుకున్నది నీ జూలై ప్రశ్నకు. కూర్చోబెట్టే చోటు లేదు, మాట్లాడే ఓపిక లేదు, ఇక్కడ నువ్వు ఉండలేవు. ఆ వరుసలు నీ కళ్లతో చదువుకున్నాను చాచీ గుమ్మంలో నిలబడి. ఆ తర్వాత కూడా నన్ను మంచిగా తినమని రాశావు.

చౌకట్టు పోయింది కాకా. దాన్ని ఎవరూ ఆపలేదు. ఆ రోజు మేడ మీదినుంచి చూస్తూ పోకుండా ఉన్నది నేనే. ఆ ఉత్తరం నా చేతిలో ఉండి ఉంటే బుల్‌డోజరు ముందు కూర్చునేదాన్నని గొప్పలు చెప్పను, కానీ రంపం తీసుకుని పోయేదాన్ని. చాచీకి ఇచ్చిన మాట మీద ఒక్క ఆదివారం పోయినా సరిపోయేది. ఒక్క ఆదివారం.

ఇప్పుడు జవాబు. జూలై 11న నువ్వు అడిగినదానికి: ఉండొచ్చు. గది ఇరుకు నిజం. మంచం తీసేసి రెండు చాపలు వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది, కొలిచి చూశాను. మాట్లాడే ఓపిక లేదన్నది నిజం, నీతో మాట్లాడాలంటే ఓపిక ఎందుకు, స్విచ్చు చాలు.

మళ్లీ అడగనన్నావు. అడగొద్దు. ఈసారి అడుగుతున్నది నేను. వచ్చి నా దగ్గర ఉంటావా? అన్నకు మాటిచ్చావని తెలుసు. కుదరకపోతే కుదరదని రాయి. వచ్చేటట్టయితే మూడు కొట్టు. మా యంత్రం రాతలో మూడు అంటే 51.

జవాబు మీద నా నంబరు వేయడం మర్చిపోకు.

తలుపు కొలిచిన చేత్తో,
తిరుమల

*

పుణె,
25 అక్టోబర్ 2025

1వ నంబరు ఉత్తరానికి జవాబు: 51

బిడ్డా,

నీ ఉత్తరం చదివినంక జూలైల నువ్వు రాసింది మల్ల తీసి చూసిన. మీదనే రాసి ఉన్నది, జూన్ ఇరవై ఆరు ఉత్తరానికి జవాబు అని. తారీఖు గూడ ఉన్నది. నేను చూడలే. ముప్పై ఏండ్లు గంటలు లెక్కపెట్టినోన్ని, నాకు భయమున్న జవాబే వచ్చిందనుకుని మల్ల లెక్కపెట్టలే. తప్పు నీ ఒక్కదానిదే అని రాసినవు. ముందు రెండో గంట కొట్టింది నేను.

సంపత్‌కు నీ ఉత్తరం ఇచ్చిన. మొత్తం చదివిండు. వానికి కోపమొస్తదేమో అనుకున్న, వాడు కాగితం తీయలే. నా ఎదురుంగ కూసుండి, నా మొఖం చూసుకుంట, పెదవులు నిదానంగ కదిలిచ్చి మాట్లాడిండు. "ఇక్కడ నీకు ఒక్కటే బాధ అనుకున్న బాపూ, చెవులు వినపడయని" అన్నడు. అన్నీ అర్థమైనయ్. ఈ ఆరునెలల్ల వాడు నాతోని గంత సేపు మాట్లాడింది అదే. పోయేముందు గిట్ల మాట్లాడిండని సంతోషమయింది, ముందుగాల మాట్లాడితె ఏమైతుండెనో అని గూడ అనిపిచ్చింది. టికెట్ వాడే తీసిండు. రమ నాకు రెండు జతల బట్టలు ఇస్త్రీ చేపిచ్చింది.

పరుపు మంచిగనే ఉండె. నిద్రనే రాలే.

చౌకట్టుకు ఏడ్వకు. కింది గీత నా నడుము బెల్టు కాడికి ఉండె. ఆఖరిది నా భుజం కాడికి. నా ఒంటి మీద కొలత ఉన్నది, నీకు చూపిస్త. షహజాదీకి చెప్పు, చాయ్ గిన్నెల నా వంతు నీళ్లు గూడ పొయ్యమని.

నవంబర్ ఎనిమిదిన వస్త. కాజీపేటల మారి, పొద్దుగాల పదింటికి రామగుండం. రైలు రెండు నిమిషాలే ఆగుతది. జనం ఉంటరు. నువ్వు కాకా అని పిలుస్తవు, నాకు వినపడది, నేను ఇంకో దిక్కు చూస్త, నువ్వు ఫికర్ పడ్తవు.

అందుకని పిలువకు. ప్లాట్‌ఫారం మీద నిలబడి చెయ్యి లేపు, మూడుసార్లు. నేను తలుపు కాడనే నిలబడి ఉంట. తిరిగి మూడు లేపినంకనే దిగుత.

కాక